హాజరు పట్టీ పోయిన తర్వాత: స్టువర్టుపురంలో ఎదిగిన విశ్వాసం

బాపట్ల దాటి చీరాల వైపు వెళ్లే పాసింజరు రైలు ఒక చిన్న స్టేషనులో ఆగుతుంది. పసుపు బోర్డు మీద ఊరి పేరు మూడు భాషల్లో ఉంటుంది. ఆ బోర్డు చూడగానే పెట్టెలో కూర్చున్నవాళ్లు ఒకరినొకరు చూసుకుని ఏదో అంటారు, కొందరు సామాను దగ్గరికి లాక్కుంటారు. ఆ ఊరి పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో చదువుకుంటూ ఊరేదని ఎవరైనా అడిగితే "బాపట్ల దగ్గర" అని మాట తప్పిస్తారు. 1991లో ఈ ఊరి పేరు మీద రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. ఒకదాని పేరులో పోలీసుస్టేషను ఉంది, రెండోదాని పేరులో దొంగలు ఉన్నారు. 2023లో ఇంకొకటి వచ్చింది. ఆ ఊళ్లో వందేళ్లకు పైగా ప్రార్థన మందిరం కూడా ఉంది కానీ దాని మీద ఎవరూ సినిమా తీయలేదు.

ఆగస్టు 31 సందర్భంగా మన సంఘం తెస్తున్న ఈ సంచికలో విముక్తి గురించి చాలామంది రాస్తారు. నేను ఆ చరిత్రలోనే ఉన్న ఇంకో పాయ గురించి రాస్తున్నాను. మన ఎరుకల కుటుంబాల్లో చాలావాటికి క్రైస్తవ విశ్వాసం సెటిల్‌మెంటు గేటులోంచి వచ్చింది. కాపలా వాడు, వేలిముద్రల రిజిస్టరు, సువార్త ఒకే ఆవరణలో ఉండేవి. అలా వచ్చిన విశ్వాసం మనది ఎట్లా అయింది, లేక అసలు అయిందా అన్న ప్రశ్న మన యువతీయువకుల్లో చాలామందికి ఉంది. చర్చికి వెళ్లేవాళ్లకూ ఉంది, వెళ్లడం మానేసినవాళ్లకూ ఉంది. మన కులదైవాలనే కొలిచే ఇళ్లలోనూ ఈ చర్చ జరుగుతూనే ఉంది.

ముందుగా సెటిల్‌మెంటు కంటే వెనక్కి వెళ్లాలి. మన పెద్దలు దొంగలుగా పుట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. అయినా ఎందుకు చెప్పాల్సి వస్తుందంటే, అలా పుడతారని చట్టమే రాసుకుంది కాబట్టి. ఉప్పు ఎరుకలు అన్న పేరు వినే ఉంటారు. గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు వేసుకుని లోపలి ఊళ్లకు వెళ్లి, అక్కడి నుంచి ధాన్యం తెచ్చే వర్తకం వాళ్లది. తోవలో బుట్టలు, తట్టలు అల్లి అమ్మేవాళ్లు, ఆడవాళ్లు ఎరుక చెప్పేవాళ్లు. తెల్లదొరల ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కింద పెట్టుకుంది. తర్వాత రైలు వచ్చింది. గాడిద పది రోజులు మోసే సరుకును రైలు ఒక్క రాత్రిలో దించేసింది. 1876-78 నాటి కరువులో పశువులు పోయాయి. 1882 నాటి మద్రాసు అడవుల చట్టంతో వెదురుకూ మేతకూ అడ్డు పడింది. బతుకుతెరువు పోయినవాళ్లు ఊరూరా తిరుగుతుంటే, ఆ తిరగడమే నేరమన్నారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి మన కొరవ, ఎరుకల వాళ్ల మీద 2001లో ఒక పుస్తకం ప్రచురించారు. ఈ వర్తకం ఎలా కూలిందో అందులో వివరంగా ఉంది. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు దాన్ని తప్పక చదవాలి.

నేరస్థ తెగల చట్టం 1871లో మొదట ఉత్తరాది రాష్ట్రాల్లో వచ్చింది. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఒక తెగను ప్రకటిస్తే చాలు, దాంట్లో పుట్టినవాడు ఏ తప్పూ చేయకపోయినా పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి. తెగను తీసుకెళ్లి సెటిల్‌మెంటులో పెట్టవచ్చు. ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ పాఠశాలల్లో ఉంచడానికి కూడా ఆ చట్టంలో వీలుంది. ఈ సెటిల్‌మెంట్లను నడపడానికి ప్రభుత్వం మిషనరీ సంస్థలను పిలిచింది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనుకు ఆ పని అప్పగించారు. గుంటూరు జిల్లాలో సీతానగరం, స్టువర్టుపురం రక్షణ సైన్యానికి, అంటే సాల్వేషన్ ఆర్మీకి దక్కాయి. 1913-14 ప్రాంతంలో మొదలైన ఈ ఊరికి మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. మన వాళ్లెవరూ ఆ పేరు అడగలేదు. మన నోరు తిరగని పేరు మన ఇంటి పేరు కంటే ముందు పలుకుతోంది.

రక్షణ సైన్యాన్ని ఇండియాకు తెచ్చిన మనిషి కథ ఇక్కడ చెప్పాలి. విశ్వాసం ఎదగడం అనే మాటకు అది నాకు చాలా ఆలోచన రేపిన ఉదాహరణ. ఫ్రెడరిక్ టకర్ 1853లో బీహారులోని ముంగేరులో పుట్టాడు. ఐసీఎస్ పాసై పంజాబులో అధికారిగా పనిచేశాడు. లండన్ పేదల మధ్య 1865లో విలియం బూత్ మొదలుపెట్టిన పనికి 1878లో రక్షణ సైన్యం అన్న పేరు వచ్చింది. టకర్ దాని పత్రిక చదివి, వెళ్లి బూత్‌ను కలిసి, 1881లో ఉద్యోగం వదిలేశాడు. 1882 సెప్టెంబరులో ఇంకో ముగ్గురితో కలిసి బొంబాయిలో దిగాడు. ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. మన దేశపు బట్టలు కట్టాడు, చెప్పుల్లేకుండా నడిచాడు, భిక్షపాత్ర పట్టాడు. వీధుల్లో ఊరేగింపు తీసినందుకు బొంబాయి పోలీసులు అరెస్టు చేశారు. తెల్లదొరలకు ఇదంతా పరువు తక్కువగా కనబడింది. తర్వాత బూత్ కూతురు ఎమ్మాను పెళ్లాడి బూత్-టకర్ అయ్యాడు.

ఇరవై ఆరేళ్ల తర్వాత, 1908లో, అదే మనిషి గోరఖ్‌పూరులో డోము తెగ కోసం ప్రభుత్వంతో కలిసి మొదటి సెటిల్‌మెంటు తెరిచాడు. తర్వాత మద్రాసు రాష్ట్రానికీ ఆ పని వచ్చింది. ఒకప్పుడు తనను అరెస్టు చేసిన ప్రభుత్వం ఇప్పుడు తనకు నిధులిచ్చింది, నేలనిచ్చింది, మనుషుల్నీ ఇచ్చింది. నేరాన్ని నయం చేసే శాస్త్రమొకటి ఉన్నట్టు ఇంగ్లీషులో ఒక కొత్త మాట పుట్టించి దాని మీద పుస్తకం రాశాడు. ఆయన మనసులో చెడు ఉందని నేను అనను. జైలు కంటే సెటిల్‌మెంటు మేలని నిజంగానే నమ్మాడు, ఆ నమ్మకంలో కొంత న్యాయమూ ఉంది. కానీ భిక్షపాత్రతో ఇంటి ముందు నిలబడే మనిషికి తలుపు తీయడం, తీయకపోవడం ఇంటివాళ్ల చేతిలో ఉంటుంది. గేటుకు తాళం వేసేవాడి ముందు మనకు ఆ అవకాశం లేదు. 1882 నాటి ఫకీర్ సింగు 1913లో స్టువర్టుపురానికి వచ్చి ఉంటే ఏం చేసేవాడా అని నాకు అనిపిస్తుంది. మనిషి వయసుతో పాటు విశ్వాసం పెద్దదవుతుందనేం లేదు. పని పెద్దదై విశ్వాసం చిన్నదై పోవచ్చు కూడా.

సెటిల్‌మెంటులో జీవితం ఎలా ఉండేదో పెద్దల నోట మీలో కొందరు విన్నారు. బయటికి వెళ్లాలంటే పాసు కావాలి. ఎక్కడికి, ఎప్పటిదాకా అన్నది దాని మీద రాసి ఉండాలి. వేళకు తిరిగి రాకపోతే కేసు. పేర్లు పిలిచి లెక్క చూసుకునే హాజరు ఉండేది. పొలం పని కొందరికి, సీతానగరంలో రాళ్లు కొట్టే పని కొందరికి. చీరాలలో పొగాకు కంపెనీ ఐ.ఎల్.టి.డి. వచ్చాక మన ఆడవాళ్లు, మగవాళ్లు అక్కడ కూలీలయ్యారు. కంపెనీకి చవకగా, విడిచి వెళ్లలేని కూలీలు దొరికారు. అక్కడ నేర్చుకున్న క్రమశిక్షణను సంస్కరణ అని రాసుకున్నారు.

ఆ ఆవరణలోనే బడి పెట్టారు, మందులిచ్చారు. మన పిల్లల చేతికి మొదటిసారి పలకా బలపం వచ్చింది అక్కడే. ఇది కూడా రాయకపోతే నేను అబద్ధం రాసినట్టు. దూరాన నిడుబ్రోలులోనూ, దగ్గరే బాపట్లలోనూ రక్షణ సైన్యం నడిపిన ఆసుపత్రులు ఈ ప్రాంతంలో ఎంతమందిని బతికించాయో ముసలివాళ్లను అడిగితే చెబుతారు. కుష్ఠు రోగుల్ని ముట్టుకోవడానికి ఇంట్లోవాళ్లే భయపడే రోజుల్లో బాపట్లలో వాళ్లకు మంచమిచ్చింది ఆ సంస్థే.

అందుకే ఈ చరిత్రను ఒక్క మాటలో చెప్పమంటే నా వల్ల కాదు. సువార్త చెప్పినవాడే హాజరు తీసుకున్నాడు. ఆదివారం మందిరంలో కూర్చున్న మనిషి నిజంగా దేవుని కోసం వచ్చాడా, రాకపోతే మేనేజరు దొర దృష్టిలో పడతానని వచ్చాడా? ఆనాటి రిపోర్టుల్లో మారినవాళ్ల లెక్క రాసుకునేవాళ్లకు ఆ తేడా కనబడే దారి లేదు. బహుశా వచ్చినవాడికి కూడా ఒక్కోరోజు ఒక్కోలా ఉండి ఉంటుంది. భయంతో మోకరించినవాడు ఏదో ఒక రోజు నిజంగానే ప్రార్థించి ఉండవచ్చు. నిజంగా ప్రార్థించినవాడు మరునాడు పాసు కోసం అదే దొర ముందు చేతులు కట్టుకుని నిలబడి, లోపల మండిపోయి ఉండవచ్చు.

రక్షణ సైన్యం పద్ధతులు మిగతా సంఘాల కంటే వేరుగా ఉంటాయి. మన సంఘంలో బాప్టిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తు వాళ్లు, కతోలికులు అందరూ ఉన్నారు కాబట్టి కొంచెం చెబుతాను. వాళ్లు బాప్తిస్మం ఇవ్వరు, ప్రభు రాత్రి భోజన సంస్కారం ఆచరించరు. బిడ్డ పుడితే దేవునికి ప్రతిష్ఠ చేస్తారు. ఏడెనిమిదేళ్లకు జూనియర్ సైనికులవుతారు. యుక్తవయసులో ఒడంబడిక మీద సంతకం చేసి, పసుపు, ఎరుపు, నీలం రంగుల జెండా కింద నిలబడి సైనికులుగా చేరతారు. ఆడవాళ్లకు హోమ్ లీగ్ ఉంటుంది. మందిరం ముందుభాగంలో కరుణాపీఠం అని ఒక బల్ల ఉంటుంది. మొదటిసారి పశ్చాత్తాపపడినవాడే దాని దగ్గరికి రావాలని లేదు, నలభై ఏళ్లుగా సైనికుడిగా ఉన్నవాడు కూడా రావచ్చు, వస్తాడు. చనిపోతే మహిమకు ప్రమోట్ అయ్యారు అంటారు.

ఇందులో నన్ను ఆకట్టుకునేది ఆ బల్లే. విశ్వాసమంటే ఒక్కసారి దాటేసిన గేటు అనుకుంటే ఆ బల్ల దగ్గరికి రెండోసారి ఎందుకు వెళ్లాలి? తన కొత్త సంఘాలకు పౌలు రాసిన పత్రికల్లో కూడా ఇదే విసుగు కనబడుతుంది. మీరింకా పాలు తాగే పిల్లల్లానే ఉన్నారు, గట్టి అన్నం ఎప్పుడు తింటారు అన్న అర్థంలో కొరింథువాళ్లను మందలించాడు. పేతురు పేరున ఉన్న రెండో పత్రిక కూడా ఎదుగుతూ ఉండమన్న మాటతోనే ముగుస్తుంది. యేసు సైతం బాల్యంలో వయసులోనూ జ్ఞానంలోనూ పెరిగాడని లూకా రాశాడు. సెటిల్‌మెంటు రిజిస్టరులో మాత్రం రెండే గడులు: మారినవాడు, మారనివాడు. ఎదుగుతున్నవాడు అన్న గడి అందులో లేదు.

మద్రాసు రాష్ట్రం 1947లోనే ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే మనం ఆ రోజును విముక్తి దినంగా జరుపుకుంటున్నాం. వెంటనే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. పేరు మారింది, పోలీసు చూపు మారలేదు. దగ్గర్లో ఎక్కడ దొంగతనం జరిగినా జీపు ముందు స్టువర్టుపురానికే వచ్చేది. ఊళ్లో కొందరు నిజంగానే దొంగతనాల్లో ఉన్నారు. దాచాల్సిన పనిలేదు. భూమి చాలక, బయట పని ఇచ్చేవాడు లేక, ఎలాగూ దొంగ అంటారు కదా అన్న తెగింపుతో వెళ్లినవాళ్లున్నారు. ఆ కొందరి పేరు మీద ఊరంతా బతకాల్సి వచ్చింది.

చట్టం పోయాక ఇంకో సంగతి జరిగింది, దాని మీద ఎవరూ పెద్దగా రాయలేదు. పాసు లేదు, హాజరు లేదు. మందిరానికి రాకపోతే అడిగేవాడు లేడు. వెళ్లిపోవచ్చు. కొందరు వెళ్లిపోయారు కూడా. కానీ మందిరం ఖాళీ కాలేదు. డప్పు, తాళాలు మోగుతూనే ఉన్నాయి. మన విశ్వాస చరిత్ర నిజానికి ఆ ఆదివారం నుంచి మొదలైందని నేను అనుకుంటాను. అంతకుముందు ముప్పై మూడేళ్లు జరిగింది బోధ. ఇష్టమైతే రా, లేకపోతే మానెయ్ అన్న రోజున కూడా వచ్చి కూర్చున్న మనిషిది విశ్వాసం. ఆ రోజున లెక్క రాయడానికి ఎవరూ లేరు కాబట్టి ఎంతమంది వచ్చారో మనకు లెక్క లేదు. అలా లెక్క లేకపోవడమే బాగుంది నాకు.

1970ల్లో ఈ ఊరికి ఒక దంపతులు వచ్చారు. లవణం, హేమలత. లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు. హేమలత మహాకవి గుర్రం జాషువా కూతురు. జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టి, క్రీస్తు చరిత్ర అన్న కావ్యం రాసి, దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందినవాడు. ఆ తండ్రి కూతురు, ఆ నాస్తికుడి భార్య దొంగతనాల్లో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చున్నారు. వాళ్ల పిల్లల చదువుల గురించి, కేసుల గురించి, బయటికి వచ్చే దారి గురించి మాట్లాడారు. పోలీసులతోనూ ప్రభుత్వంతోనూ వాళ్ల తరఫున మాట్లాడారు. దేవుణ్ణి నమ్మనివాళ్లు వచ్చి ఈ పని చేయడం ఊళ్లోని విశ్వాసులకు సిగ్గుగా అనిపించి ఉండాలి. అనిపించకపోతే అదీ ఒక జబ్బే. మంచి సమరయుడి ఉపమానంలో యాజకుడు పక్కనుంచి వెళ్లిపోయాడు, ఆగినవాడు పరాయి మతంవాడు. ఆ ఉపమానాన్ని మనం చిన్నప్పటి నుంచి ఆదివారపు బడిలో నాటకంగా వేస్తూ వచ్చాం. మన ఊళ్లోనే అది జరుగుతున్నప్పుడు ఎవరు ఏ పాత్రలో ఉన్నామో గుర్తుపట్టడానికి మాత్రం కొంత కాలం పట్టింది. నా ఉద్దేశంలో సంఘం ఆ ఏళ్లలోనే కొంచెం పెరిగింది, బయటివాళ్ల వల్ల పెరిగింది.

ప్రసంగాల సంగతికి వస్తే, సిలువ మీద పశ్చాత్తాపపడిన దొంగ కథ మన వాళ్లకు చెప్పినన్ని సార్లు లోకంలో ఇంకెవరికీ చెప్పి ఉండరు. కొత్తగా వచ్చిన ప్రసంగీకుడు ఎవరైనా సరే, స్టువర్టుపురం అనగానే ఆ వాక్యం తీస్తాడు. మంచి కథే. కానీ ఆ మనిషి ఆ సాయంత్రానికి చనిపోయాడు. మర్నాడు లేచి ఏం చేయాలి, పాత కేసుకు ఎట్లా తిరగాలి, కూతురికి సంబంధం ఎక్కడ చూడాలి, ఊరి పేరు అడిగితే ఏం చెప్పాలి అన్న చిక్కులు అతనికి లేవు. మనకు ఉన్నాయి. అందుకే మనకు కావాల్సింది బతికి ఉన్నవాళ్ల కథలు. జక్కయ్య ఉన్నాడు: చెట్టు దిగాక అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ ఇవ్వడానికి అతనికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో! పేతురు ఉన్నాడు: మాట్లాడే యాసను బట్టి గలిలయ వాడని పట్టేశారు, భయపడి తన గురువునే ఎరగనన్నాడు. ఊరి పేరు దాచే మన పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆ మంట దగ్గర చలి కాచుకుంటున్న పేతురే గుర్తొస్తాడు. అంతటితో అతని కథ అయిపోలేదు కదా.

ఇంకో మాట, కొంచెం మొహమాటంగానే రాస్తున్నాను. సెటిల్‌మెంటు బోధ మన దగ్గరున్న వాటిని అన్నింటినీ ఒకే మూటగా కట్టి పాపం అన్నది. దొంగతనమూ, ఎరుక చెప్పడమూ, కొల్లాపురమ్మ జాతరా, మన కుర్రు భాషా అన్నీ ఆ మూటలోకే పోయాయి. కొత్తగా నమ్మినవాడు ఆ మూటను మొత్తంగా పారేశాడు. అప్పట్లో అతనికి అంతకంటే వేరే తెలియదు, అతన్ని తప్పుపట్టను. కానీ నాలుగో తరం ఇంకా అదే చేస్తుంటే అది ఎదగడం కాదు. ఎరుక చెప్పడాన్ని విశ్వాసి చేయడు, ఆ విషయంలో నా మనస్సాక్షి స్పష్టంగానే ఉంది. కానీ సాతుపాడి, కావడి, మానుపాడి, మేండ్రగుత్తి అన్న మన గోత్రాల పేర్లలో పాపం ఏముంది? ఈతాకు బుట్ట అల్లే వేళ్లలో ఏముంది? కుర్రు భాషలో ప్రార్థించడానికి ఎవరు అడ్డు? మన ముసలమ్మలు ఇంట్లో ఏడ్చేది కుర్రులో, మందిరంలో ప్రార్థించేది గ్రాంథికం కలిసిన తెలుగులో. దేవుడికి ఆ రెండో భాష మాత్రమే వస్తుందని వాళ్లకు ఎవరు చెప్పారో! ఈ సంచిక చదివే పిల్లల్లో ఫోనులో పాటలు రికార్డు చేసేవాళ్లున్నారు. ఈ పని మీ చేతుల్లో ఉంది. అమ్మమ్మలు ఇంకా ఉన్నప్పుడే చేయండి.

చివరగా మా నాయనమ్మ గురించి. ఆమె సెటిల్‌మెంటులో పుట్టింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే తల్లితో పాటు పొగాకు పనికి వెళ్లింది కాబట్టి బడికి సరిగా పోలేదు. చదువు రాలేదు. హాజరు పోయిన ముప్పై నలభై ఏళ్ల తర్వాత కూడా, పొద్దుగుంకే వేళకు ఎక్కడున్నా ఇంటికి వచ్చి గుమ్మం బయట నిలబడేది. పిలిచేవాడు లేడని ఆమెకు తెలుసు. కాళ్లకు తెలియదు. మా నాన్న మొదట్లో కోప్పడేవాడు. ఒకసారి చుట్టాల పెళ్లిలో భోజనాలు వడ్డిస్తుంటే విస్తరి వదిలేసి లేచి వెళ్లిపోయింది, అందరూ నవ్వారు. తర్వాత ఎప్పుడో ఆమె ఆ వేళను వాడుకోవడం మొదలుపెట్టింది. ఎలాగూ నిలబడుతున్నాను కదా అని ఒక్కొక్క పేరే చెప్పి ప్రార్థించేది. కొడుకులు, కోడళ్లు, మనవలు, జైల్లో ఉన్న తమ్ముడు, ఆ తమ్ముణ్ణి పట్టించిన మనిషి. ఒక్క పేరూ వదలకుండా అందర్నీ వరసగా పిలిచేది. హాజరు తీసినట్టే.

అరవై దాటాక చదవడం నేర్చుకుంటానంది. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. బైబిల్లో చిన్న పుస్తకం ఏదైనా ఉందారా అని అడిగింది, పెద్దది మొదలుపెడితే పూర్తి చేయకుండానే పోతానేమో అని భయం. ఫిలేమోనుకు రాసిన పత్రిక చూపించాను. ఒక్క అధ్యాయం, ఇరవై అయిదు వచనాలు. యజమాని దగ్గర్నుంచి వెళ్లిపోయిన ఒనేసిము అనే బానిసను పౌలు తిరిగి పంపుతూ, ఇతన్ని దాసుడిలా కాదు, తమ్ముడిలా చేర్చుకో అని రాసిన ఉత్తరం అది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఒక వర్షాకాలమంతా చదివింది. అతను యజమాని సొమ్ము దొంగిలించి పారిపోయాడని నేను ఆదివారపు బడిలో విన్నది విన్నట్టు చెప్పాను. ఆమె పద్దెనిమిదో వచనం దగ్గర వేలు పెట్టి ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. తర్వాత మన భాషలో అడిగిన ప్రశ్న ఇది, తెలుగులో రాస్తున్నాను.

"ఒరే అబ్బాయ్, నీకు నష్టం ఏదైనా చేసి ఉంటే, బాకీ ఏదైనా ఉంటే అనే కదరా ఉంది. చేశాడని ఇందులో ఎక్కడుంది?"

నేను వెతికాను. ఎక్కడా లేదు. ఏదైనా ఉంటే అది నా లెక్కలో వేసుకో, నేను తీరుస్తాను అని పౌలు రాశాడే తప్ప, అతను దొంగ అని ఆ ఉత్తరంలో ఏ వచనంలోనూ రాయలేదు. ఆ రోజు పొద్దుగుంకాక గుమ్మం దగ్గర నిలబడి పేర్లు పిలిచినప్పుడు ఒనేసిము పేరు కూడా పిలిచింది. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ పేరు ఆ వరసలో ఉంది, మా చిన్న తాత పేరు తర్వాత.